నాదోపాసకుడు షేక్ చిన మౌలానా

పాఠ్యభాగ ఉద్దేశం : భిన్న మతాలకు, భిన్న భాషలకు చెందిన కళాకారులు పరస్పర గౌరవంతో కలిసి నడచినప్పుడు కళ ఎంతటి ఔన్నత్యాన్ని అందుకొంటుందో తెలియజేయడం, ఆంధ్రదేశపు నాదస్వర సంప్రదాయాన్ని, అందులో ముస్లిం కుటుంబాల కృషిని విద్యార్థులకు పరిచయం చేయడం ఈ పాఠం ఉద్దేశం.

దక్షిణ భారతదేశంలో నాదస్వరం వినిపించని శుభకార్యం ఉండదు. పెండ్లిపందిట్లో మాంగల్యధారణ వేళ, దేవాలయంలో సుప్రభాత సమయాన, ఉత్సవమూర్తి వాహనమెక్కి వీథులలో ఊరేగే వేళ మొట్టమొదట ధ్వనించేది నాదస్వరమే. అందువల్లనే దానికి మంగళవాద్యమని పేరు వచ్చింది. ముదిగుబ్బ వంటి మెట్టప్రాంతపు పల్లెలలో పుట్టిపెరిగినవారికి సైతం ఫాల్గుణ మాసంలో జరిగే కదిరి లక్ష్మీనరసింహస్వామి బ్రహ్మోత్సవాల తలపు రాగానే రథంతోపాటు నాదస్వరమూ డోలూ గుర్తుకు వస్తాయి. ఈ వాద్యాన్ని తరతరాలుగా కాపాడుతూ వచ్చినవారిలో హిందువులతోపాటు ముస్లింలూ ఉన్నారు. వారిలో అగ్రగణ్యులు షేక్ చిన మౌలానా సాహెబ్.

మతాల మధ్య స్నేహం మన ప్రాంతానికి కొత్త కాదు. పెనుకొండలోని బాబయ్య దర్గాకు హిందువులు మొక్కుబడులు చెల్లించుకొంటారు. అనంతపురం జిల్లా నార్పల మండలంలోని గూగూడులో మొహరం వచ్చిందంటే కుళ్లాయప్పస్వామిని దర్శించడానికి మతభేదం లేకుండా జనం తరలివస్తారు. అయితే ఒక ఉత్సవంలో కలుసుకోవడం వేరు, ఒక జీవితకాలమంతా ఇతరుల విద్యను శ్రద్ధగా అభ్యసించి, వారి గౌరవాన్ని సంపాదించి, తిరిగి వారికే గర్వకారణం కావడం వేరు. రెండవది కష్టతరమైనది. చిన మౌలానా జీవితం అటువంటిది.

షేక్ చిన మౌలానా 1924 మే 12న కరవది గ్రామంలో జన్మించారు. ఒంగోలుకు సమీపంలో ఉన్న ఈ గ్రామం ఆనాడు గుంటూరు జిల్లాలో ఉండేది. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడి, తరువాత దానికి ప్రకాశం జిల్లా అని పేరు వచ్చింది. చిన మౌలానా తండ్రి ఖాసిం సాహెబ్. ఆ వంశంలో నాదస్వరం అనేక తరాలుగా వస్తున్న విద్య. పిల్లవాడు అక్షరాలు దిద్దుకొనే వయస్సులోనే స్వరాలు కూడా దిద్దుకొనే ఇల్లు అది.

గుంటూరు, ప్రకాశం ప్రాంతాలలోని నాదస్వర సంప్రదాయానికి ఒక విశిష్టత ఉంది. ఆంధ్రదేశంలో సన్నాయి, డోలు నాయీబ్రాహ్మణుల కులవృత్తిగా ప్రసిద్ధి. ఈ ప్రాంతంలో మాత్రం వారితోపాటు అనేక ముస్లిం కుటుంబాలు కూడా నాదస్వరాన్నే జీవనాధారంగా చేసుకొన్నాయి. వారు ఇంట నమాజు చేసుకొనేవారు, గుడిలో స్వామికి మేలుకొలుపు వాయించేవారు. రంజాన్ మాసంలో ఉపవాసముండేవారు, శ్రీరామనవమి పందిళ్లలో త్యాగరాజ కృతులు పలికించేవారు. ఈ రెండింటికీ వైరుధ్యమున్నదని వారు భావించలేదు. ఊరి పెద్దలూ భావించలేదు. వాద్యకారుని మతమేమిటన్న ప్రశ్నకంటె రాగం శుద్ధంగా ఉన్నదా లేదా అన్నదే అక్కడ ముఖ్యమైన ప్రశ్న.

చిన మౌలానా తొలిగురువు తండ్రియే. అటుపిమ్మట చిలకలూరిపేటకు చెందిన షేక్ ఆదం సాహెబ్ వద్ద ఆయన శిక్షణ పొందారు. చిలకలూరిపేట ఆనాడు ఆంధ్ర నాదస్వర విద్యకు పేరుపొందిన కేంద్రాలలో ఒకటి. ఈ శిక్షణ ఎంత కఠినమైనదో తెలుసుకోవాలంటే ముందుగా వాద్యాన్ని గురించి కొంత తెలుసుకోవాలి.

నాదస్వరం రెండడుగులకు పైబడిన పొడవుగల కొయ్య గొట్టం. దీనిని ఆచా అనే గట్టి కొయ్యతో చేస్తారు. పాత ఇండ్ల దూలాలు, స్తంభాలు విప్పినప్పుడు లభించే, ఏండ్ల తరబడి ఎండిన కొయ్య శ్రేష్ఠమని పనివారు చెబుతారు. గొట్టం పైకొనలో రెల్లుతో చేసిన పీకను అమరుస్తారు. కింది కొన గరాటువలె విచ్చుకొని ఉంటుంది. వ్రేళ్లతో మూయవలసిన రంధ్రాలు ఏడు. వాటికి దిగువన శ్రుతిని సరిచేసుకొనడానికి మరికొన్ని రంధ్రాలుంటాయి. పాశ్చాత్య వాద్యాలకున్నట్లు దీనికి మీటలు లేవు. ఒకే రంధ్రం నుండి వేర్వేరు స్వరస్థానాలను పలికించాలంటే ఊపిరి బలాన్ని మార్చాలి, పెదవుల ఒత్తిడిని మార్చాలి, రంధ్రాన్ని సగమో పావో మూయాలి. గమకం పలకాలన్నా ఇంతే. చెవి తప్ప మరొక మార్గదర్శి లేదు. అందుకే నాదస్వరం నేర్చుకొనేవాడు మొదట ఊపిరిని స్వాధీనం చేసుకోవాలంటారు.

పీక మరొక పరీక్ష. అది ఎండితే పలకదు, ఎక్కువగా తడిసినా పలకదు. అందుకే వాద్యానికి దారంతో కట్టిన పీకలు నాలుగైదు వ్రేలాడుతూ ఉంటాయి. కచేరీ నడుమ ఒకటి మొరాయిస్తే మరొకటి అమర్చుకొంటారు. ఇన్ని ఇబ్బందులను అధిగమించి, మైలు దూరం వినిపించే ఈ గంభీర వాద్యం నుండి మనిషి కంఠంలోని మార్దవాన్ని రాబట్టడమే విద్వాంసుని ప్రతిభ. చిన మౌలానా వాదనంలో పండితులు ప్రత్యేకంగా ప్రశంసించినది ఈ గాత్రధర్మాన్నే.

ఆ కాలంలో నాదస్వర లోకాన్నంతటినీ ప్రభావితం చేసిన మహావిద్వాంసుడు తిరువావడుదురై రాజరత్నం పిళ్లై. తమిళనాట తంజావూరు ప్రాంతానికి చెందిన ఆయన తోడి రాగాలాపనకు ప్రసిద్ధులు. గ్రామఫోను రికార్డుల ద్వారా ఆ నాదం ఆంధ్రదేశపు పల్లెలకు కూడా చేరింది. తంజావూరు బాణీలో రాగాలాపనకు పెద్దపీట. కృతిని వాయించే ముందు రాగాన్ని నిదానంగా, మెట్టు మెట్టుగా, ఒక్కొక్క స్వరం వద్ద నిలిచి విస్తరిస్తారు. ఉత్సవ రాత్రులలో ఒకే రాగం గంటల తరబడి సాగడం అక్కడ పరిపాటి. ఈ బాణీ చిన మౌలానాను ఆకర్షించింది. దానిని దూరం నుండి విని అనుకరించడంతో ఆయన తృప్తి చెందలేదు. మూలానికి వెళ్లి నేర్చుకోవాలని నిశ్చయించుకొన్నారు.

ఈ నిశ్చయం సామాన్యమైనది కాదు. అప్పటికే ఆయన వంశవిద్యలో ఆరితేరినవారు. సొంత ప్రాంతంలో పేరు, పని రెండూ ఉన్నాయి. వాటిని పక్కనపెట్టి, భాష వేరైన చోటికి, ఆహారవ్యవహారాలు వేరైన చోటికి వెళ్లి, మరల శిష్యుడై మొదటినుండి కూర్చోవడమంటే అహంకారాన్ని జయించడమే. అదీగాక తంజావూరు ప్రాంతంలో నాగస్వర విద్య ఆలయసేవతో పెనవేసుకొన్న కుటుంబాల సొత్తు. తండ్రి నుండి కుమారునికి, మేనమామ నుండి మేనల్లునికి సంక్రమించే విద్య అది. బయటివానికి అంతరంగ రహస్యాలు చెప్పవలసిన అవసరం వారికి లేదు. వచ్చినవాడు తెలుగువాడు, పైగా ముస్లిం.

కుంభకోణానికి సమీపంలోని నాచ్చియార్‌కోయిల్ గొప్ప వైష్ణవక్షేత్రం. అక్కడి ప్రసిద్ధ నాగస్వర విద్వాంసులు రాజం, దురైకణ్ణు సోదరులు. ఇద్దరూ కలిసి జంటగా వాయించేవారు. చిన మౌలానా వారిని ఆశ్రయించారు. వారు ఆయనను శిష్యునిగా స్వీకరించి తంజావూరు బాణీని నేర్పారు. గురువులు శిష్యుని మతాన్ని చూడలేదు, శిష్యుడు గురువుల కులాన్ని చూడలేదు. విద్యను కోరి వచ్చినవానిలో శ్రద్ధ ఉన్నదా అని వారు చూశారు. విద్యను ఇచ్చేవారిలో లోతు ఉన్నదా అని ఆయన చూశారు. ఈ పరస్పర గౌరవమే ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది. ఆంధ్రదేశంలో పుట్టిన కళాకారుడు తంజావూరు బాణీకి ప్రతినిధిగా తమిళుల చేతనే గుర్తింపు పొందడానికి ఇక్కడే పునాది పడింది.

ఇందులో ఇచ్చిపుచ్చుకోవడం ఉన్నదని గమనించాలి. తమిళదేశం ఆయనకు రాగవిస్తారాన్ని ఇచ్చింది. ఆయన వెంట తీసుకొని వెళ్లినది తెలుగు. కర్ణాటక సంగీతంలో త్యాగరాజాదుల కృతులు అత్యధికంగా తెలుగులో ఉన్నాయి. నాదస్వరంలో మాటలు వినిపించవు, నిజమే. కాని మాట ఎక్కడ విరుగుతుందో, ఏ పదం వద్ద భావం బరువెక్కుతుందో తెలిసినవాడు వాయిస్తే స్వరాల వెనుక సాహిత్యం స్ఫురిస్తుంది. తెలుగు నేలమీద పెరిగిన చిన మౌలానాకు ఆ కృతుల భాష పుట్టుకతో పరిచితమైనది. తెలుగు సాహిత్యం, తంజావూరు రాగభావం ఒక ముస్లిం విద్వాంసుని ఊపిరిలో ఏకమైనాయి.

1960వ దశకంలో చిన మౌలానా తమ నివాసాన్ని శ్రీరంగానికి మార్చుకొన్నారు. కావేరి, కొళ్లిడం నదుల నడుమ ద్వీపంగా ఉన్న శ్రీరంగం వైష్ణవుల నూట ఎనిమిది దివ్యక్షేత్రాలలో మొదటిది. అక్కడి రంగనాథునిపై త్యాగరాజు శ్రీరంగ పంచరత్నాలను రచించాడు. అటువంటి క్షేత్రంలో చిన మౌలానా స్థిరపడి, జీవితాంతం రంగనాథునికి నాదసేవ చేశారు. ఊరూ ఆయనను తనవానిగా చూసుకొన్నది. శ్రీరంగం చిన మౌలానా అన్నంతగా ఆ ఊరి పేరు ఆయన పేరులో కలిసిపోయింది.

ఈ కలయికకు శ్రీరంగంలో ప్రాచీనమైన నేపథ్యం కూడా ఉంది. రంగనాథుని ఆలయ ప్రాంగణంలో తుళుక్క నాచ్చియార్ సన్నిధి ఉంది. స్వామిని ప్రేమించి వచ్చిన ఒక సుల్తాను కుమార్తెను అక్కడ దేవేరిగా ఆరాధిస్తారని స్థలపురాణం. ఆమెకు గోధుమ రొట్టెలు నివేదించే ఆచారం ఉంది. తెలుగువారికి ఇదే భావన తిరుమల వేంకటేశ్వరుని బీబీ నాంచారి కథ ద్వారా పరిచితమే. కథలోని రాకుమారికి స్థానమిచ్చిన సంప్రదాయం తమ కాలపు ముస్లిం విద్వాంసునికి కూడా స్థానమిచ్చింది. అయితే దీనిని సులభంగా జరిగిన విషయంగా భావించరాదు. దక్షిణాదిలోని అనేక ఆలయాలలో అన్యమతస్థుల ప్రవేశంపై నియమాలున్నాయి. ఇస్లాం మతపండితులలోనూ సంగీతాన్ని, ముఖ్యంగా వాద్యాన్ని అంగీకరించనివారు ఉన్నారు. ఇరువైపులా ప్రశ్నలు తలెత్తగల స్థితిలో చిన మౌలానా తమ మతాన్ని విడువలేదు, తమ విద్యనూ విడువలేదు. మతం తన ఉనికి, నాదం తన ఉపాసన అన్నట్లు రెండింటినీ నిండుగా జీవించారు.

నాదస్వర కచేరీలో ఒక సూక్ష్మమైన ధర్మం ఉంది. సాధారణంగా ఇద్దరు విద్వాంసులు జంటగా వాయిస్తారు. పక్కన డోలు ఉంటుంది. ప్రధాన విద్వాంసుడు రాగాన్ని ఆరంభించి కొంతదూరం తీసుకొని పోతాడు. రెండవవారు ఆ సమయంలో ఆధార షడ్జమాన్ని నిలుపుతారు, లేదా మౌనంగా వింటారు. తరువాత వారికి అవకాశం లభిస్తుంది. మొదటివారు నిలిపిన చోటినుండి అందుకొని, వారి భావానికి భంగం రాకుండా, తమ ఊహను జోడించాలి. కృతి వచ్చినప్పుడు ఇద్దరూ ఒకే ఊపిరిగా సాగాలి. రెండు వాద్యాల శ్రుతి వెంట్రుకవాసి తేడాతో ఉన్నా ఆ లోపాన్ని దాచడం సాధ్యం కాదు. ఒకరు తమ ఘనతను చాటుకోవాలని తొందరపడితే జంట చెదిరిపోతుంది.

డోలు వాద్యకారుని సంగతీ అంతే. పనసకొయ్యతో చేసిన ఆ వాద్యాన్ని ఒకవైపు పుల్లతోను, మరొకవైపు తొడుగులు ధరించిన వ్రేళ్లతోను వాయిస్తారు. ఆలాపన సాగుతున్నప్పుడు కూడా నడుమ నడుమ చిన్న చిన్న దరువులతో అది రాగానికి ఉత్సాహం కలిగిస్తుంది. తాళం వచ్చినప్పుడు నాదస్వరంతో సమానంగా నిలుస్తుంది. ఈ విధంగా నాదస్వర కచేరీ ఏకవ్యక్తి ప్రదర్శన కాదు, వినడం తెలిసినవారి సమష్టికృషి. పక్కవాని విద్యను గౌరవించనివాడు ఈ వాద్యంలో రాణించలేడు. గౌరవమనేది ఇక్కడ మర్యాద కోసం చూపే గుణం కాదు, విద్యలోనే ఒక అంగం.

ప్రపంచంలో ఇతర ప్రాంతాలలోనూ సంగీతం ఇటువంటి పాఠాన్నే నేర్పింది. అమెరికా దక్షిణ రాష్ట్రాలలో నల్లజాతివారు, తెల్లజాతివారు ఒకే బడిలో చదవడానికి, ఒకే బల్లపై భుజించడానికి అడ్డంకులున్న రోజులవి. జాతి వివక్షను నిషేధించే పౌరహక్కుల చట్టం అక్కడ 1964లో గాని రాలేదు. కాని దానికి ముందే మెంఫిస్ నగరంలోని స్టాక్స్ రికార్డింగు సంస్థలో నల్లవారు, తెల్లవారు ఒకే బృందంగా కూర్చుండి సోల్ సంగీతాన్ని సృష్టించారు. బుకర్ టి. జోన్స్, స్టీవ్ క్రాపర్ మొదలైనవారు సభ్యులుగా 1962లో ఏర్పడిన వాద్యబృందం అందుకు నిదర్శనం. వీథిలో కలువనీయని సమాజం ఉన్నా, శ్రుతి కలిసినవారిని విడదీయడం ఎవరి తరమూ కాదని అక్కడా రుజువైంది. మన దేశంలో ఉత్తరాదిన కాశీలో బాలాజీ మందిరంలో సాధన చేసి షెహనాయికి విశ్వఖ్యాతి తెచ్చిన ఉస్తాద్ బిస్మిల్లాఖాన్, దక్షిణాదిన శ్రీరంగంలో చిన మౌలానా ఒకే కోవకు చెందినవారు.

నాదస్వర విద్వాంసుల సామాజిక స్థితిని గురించి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. దేవుని ఎదుట వాయించే వాద్యమైనా వాయించేవారికి సమాజం చాలాకాలం తగిన గౌరవం ఇవ్వలేదు. ఊరేగింపులో మైళ్ల కొలది నడుస్తూ, పెండ్లిండ్లలో గంటల కొలది నిలుచుండి వాయించాలి. గాత్రవిద్వాంసునికి వేదికపై ఆసనం ఉండేది, నాదస్వర విద్వాంసునికి పందిరి పక్కన చోటు దొరికేది. రాజరత్నం పిళ్లై ఈ అవమానాన్ని ఎదిరించి, వేదికపై కూర్చుండి వాయించే హక్కును సాధించుకొన్నారు. 1947 ఆగస్టులో దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన శుభవేళ ఢిల్లీలో మంగళవాద్యం వాయించే గౌరవం ఆయనకే దక్కింది. 1956లో ఆయన మరణించారు. ఆ తరువాతి తరంలో నాదస్వర గౌరవాన్ని నిలిపిన కొద్దిమందిలో చిన మౌలానా ఒకరు.

ఆయనను అనేక సత్కారాలు వరించాయి. 1977లో భారత ప్రభుత్వం పద్మశ్రీ పురస్కారాన్ని ప్రదానం చేసింది. కేంద్ర సంగీత నాటక అకాడమి పురస్కారం లభించింది. అమెరికా మొదలైన విదేశాలలో కచేరీలు చేసి నాదస్వర మాధుర్యాన్ని పాశ్చాత్య శ్రోతలకు రుచి చూపించారు. 1998లో మద్రాసు సంగీత అకాడమి ఆయనను సంగీత కళానిధి పురస్కారానికి ఎంపిక చేసింది. కర్ణాటక సంగీత లోకంలో దీనిని మించిన గౌరవం లేదంటారు. ఎక్కువగా గాయకులను, వీణ, వయొలిన్ వంటి వాద్యాల విద్వాంసులను వరించే ఆ పురస్కారం నాదస్వరానికి దక్కడం అరుదు. కరవది నుండి వచ్చిన ముస్లిం విద్వాంసునికి అది లభించడం వ్యక్తికి జరిగిన సన్మానం మాత్రమే కాదు. పందిరి పక్కన నిలిచిన తరతరాల వాద్యకారులందరికీ ఆలస్యంగా దక్కిన ఆసనమది.

నేర్చినది తనతో అంతరించరాదని చిన మౌలానా భావించారు. 1982లో శ్రీరంగంలో శారదా నాదస్వర సంగీతాశ్రమాన్ని నెలకొల్పారు. చదువుల తల్లి శారద పేరు పెట్టడంలోనే ఆయన హృదయం తెలుస్తుంది. నాచ్చియార్‌కోయిల్‌లో తనకు తలుపు తెరిచిన గురువుల ఋణాన్ని ఆయన ఈ విధంగా తీర్చుకొన్నారని చెప్పవచ్చు. గురుఋణం గురువుకు తిరిగి ఇవ్వడం వలన తీరదు, శిష్యునికి అందించడం వలన తీరుతుంది.

ఆయన మనుమలు కాసిం, బాబు తాతగారి వద్దనే విద్య నేర్చి, జంటగా కచేరీలు చేసే విద్వాంసులైనారు. ప్రకాశం జిల్లాకే చెందిన షేక్ మహబూబ్ సుబాని, కాలీషాబీ దంపతులు కూడా చిన మౌలానా శిష్యులే. భార్యాభర్తలు పక్కపక్కన కూర్చుండి వాయించడం నాదస్వర లోకంలో అపూర్వం. ముస్లిం కుటుంబాలలోనే కాదు, ఏ కుటుంబంలోనైనా ఒక స్త్రీ ఈ వాద్యాన్ని చేపట్టడం అరుదైన కాలంలో కాలీషాబీ సాధన చేశారు. గురువు అడుగుజాడలలో ఈ దంపతులూ శ్రీరంగంలో స్థిరపడ్డారు. 2021లో వారిరువురికీ పద్మశ్రీ పురస్కారం లభించింది. మతం గీచిన హద్దును గురువు దాటితే, స్త్రీపురుష భేదం గీచిన హద్దును శిష్యురాలు దాటింది.

సంగీత కళానిధి పురస్కారాన్ని అందుకొన్న కొద్ది నెలలకే, 1999 ఏప్రిల్ 13న చిన మౌలానా పరమపదించారు. కరవదిలో మొదలైన ఆ ప్రస్థానం కావేరీ తీరాన ముగిసింది. ఆయన ధ్వనిముద్రికలు మాత్రం నేటికీ అనేక ఇండ్లలో ఉదయాలను మేల్కొలుపుతున్నాయి.

ఇప్పుడు మన కర్తవ్యాన్ని గురించి ఆలోచించాలి. పెండ్లిండ్లలో ధ్వనిముద్రికలు, బ్యాండుమేళాలు నాదస్వరం స్థానాన్ని ఆక్రమిస్తున్నాయి. జీవనాధారం సన్నగిల్లి వంశవిద్యను విడిచిపెట్టే కుటుంబాలు ఉన్నాయి. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం నడుపుతున్న నాదస్వర, డోలు పాఠశాల వంటి సంస్థలు ఈ విద్యను బోధిస్తున్నాయి. కాని విద్య నిలవాలంటే బోధకులతోపాటు వినేవారు కూడా ఉండాలి. మీ ఊరి గుడిలో, మీ ఇంటి పెండ్లిలో వాయించే కళాకారుని ఒక్క నిమిషం నిలిచి వినండి. ఆయన పేరు, ఆయన గురువు పేరు అడిగి తెలుసుకొనండి. కూర్చుండడానికి పీట వేయండి. కళకు చేసే సేవ అక్కడినుండే ప్రారంభమవుతుంది.

చిన మౌలానా మతసామరస్యం గురించి ఉపన్యాసాలు చేసి ప్రసిద్ధులైనవారు కారు. వేరొకరి విద్యను వారి ఇంటికి వెళ్లి నేర్చుకొన్నారు. నేర్చినదానికి తనదైన సొగసు చేర్చారు. దానిని మరల పదిమందికి పంచారు. పరమతాన్ని సహించడం ఒక మెట్టు. ఇతరులలోని గొప్పదనాన్ని గుర్తించి, దానిముందు శిష్యునివలె కూర్చోగలగడం అంతకంటె ఉన్నతమైన మెట్టు. ఆ మెట్టు ఎక్కినవారికి పరాయివారంటూ ఎవరూ మిగలరు. నేటి యువతరం ఆయన జీవితం నుండి గ్రహించవలసిన సందేశం ఇదే.

కఠిన పదాలకు అర్థాలు

అగ్రగణ్యుడు : మొదట ఎన్నదగినవాడు
బాణీ : గానంలో, వాదనంలో ఒక సంప్రదాయానికి చెందిన పద్ధతి
గమకం : స్వరాన్ని కదలికతో పలికించడం
మార్దవం : మెత్తదనం
ఆధార షడ్జమం : శ్రుతికి మూలమైన స్వరం
పరిపాటి : వాడుక, అలవాటు
ప్రస్థానం : ప్రయాణం

ప్రశ్నలు

అ) ఈ క్రింది ప్రశ్నలకు 20 పంక్తులలో సమాధానాలు వ్రాయండి.
1. షేక్ చిన మౌలానా విద్యాభ్యాసాన్ని, అందులో ఆయన ఎదుర్కొన్న కష్టాలను వివరించండి.
2. నాదస్వర కచేరీలో పరస్పర గౌరవం విద్యలోనే ఒక అంగమని రచయిత చెప్పడంలోని ఔచిత్యాన్ని చర్చించండి.

ఆ) ఈ క్రింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు వ్రాయండి.
1. గుంటూరు, ప్రకాశం ప్రాంతాల నాదస్వర సంప్రదాయంలోని విశిష్టత ఏమిటి?
2. నాదస్వర వాద్య నిర్మాణాన్ని వర్ణించండి.
3. చిన మౌలానా శిష్యపరంపరను గురించి వ్రాయండి.

ఇ) మీ ఊరిలో మంగళవాద్యం వాయించే కళాకారుని కలిసి, ఆయన విద్యాభ్యాసాన్ని, జీవనాన్ని గురించి ఒక వ్యాసం వ్రాయండి.